షార్ట్ ప్రొటెక్షన్ ఉన్న రెగ్యులేటర్ షార్ట్‌లోనే ఎందుకు కాలింది? ఒక బక్ కన్వర్టర్ కేస్ స్టడీ

బక్ కన్వర్టర్ అంటే ఎక్కువ వోల్టేజ్‌ని స్విచ్, కాయిల్ సాయంతో తక్కువకు దించే సర్క్యూట్. అలాంటిది ఉన్న మా బోర్డులు ఫీల్డ్ నుంచి తిరిగొచ్చాయి, అన్నీ ఒకే తీరుగా పోయాయి. షాట్కీ డయోడ్ (స్విచ్ ఆగినప్పుడు కాయిల్ కరెంట్‌కి దారి ఇచ్చేది) కింద పీసీబీ నల్లబడింది. మీటర్ పెడితే డయోడ్ రెండు వైపులా షార్ట్ చూపిస్తోంది. పక్కనున్న కంట్రోలర్ ఐసీలో స్విచ్ కూడా పోయింది, ఇన్‌పుట్ ఫ్యూజ్ ఎగిరిపోయింది. ఇండక్టర్ (కాయిల్) మాత్రం చూడటానికి కొత్తదానిలాగే ఉంది. ఆ ఐసీ డేటాషీట్ మొదటి పేజీలో ప్రతి సైకిల్‌కీ కరెంట్ లిమిట్ ఉందని, షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్ ఉందని స్పష్టంగా రాసి ఉంది. తయారీ దశలో చేసిన షార్ట్ టెస్ట్‌లో కూడా ఈ డిజైన్ పాస్ అయింది.

బోర్డు పని సింపుల్. 12 నుంచి 24 వోల్టుల వరకు ఏ సప్లై ఇచ్చినా తీసుకుని, 2 మీటర్ల కేబుల్ చివర ఉన్న సెన్సర్ యూనిట్లకు 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇవ్వాలి. స్విచింగ్ 500 కిలోహెర్ట్జ్, ఇండక్టర్ 10 మైక్రోహెన్రీ, కింది వైపు 5 ఆంపియర్ల షాట్కీ డయోడ్, ఐసీలో పీక్ కరెంట్ లిమిట్ 5 ఆంపియర్లు. 24 వోల్టుల దగ్గర లెక్క వేస్తే రిపుల్, అంటే ప్రతి సైకిల్‌లో కాయిల్ కరెంట్ ఎక్కి దిగే తేడా, 0.8 ఆంపియర్ వస్తుంది. అంటే ఫుల్ లోడ్‌లో పీక్ 3.4 ఆంపియర్లు. 5 ఆంపియర్ల లిమిట్, 6 ఆంపియర్ల వరకు సాచురేట్ కాని ఇండక్టర్. కాగితం మీద వంక పెట్టడానికి ఏమీ లేదు.

పోయిన బోర్డులన్నిటిలో కలిసే విషయం ఒకటే: అవి 24 వోల్టుల మీద నడిచాయి, వాటిలో కేబుల్ ఎక్కడో నలిగి షార్ట్ అయింది.

స్కోప్‌లో కనబడింది

ఇండక్టర్ ఒక కాలు ఎత్తి, చిన్న తీగ లూప్ పెట్టి, దానికి కరెంట్ ప్రోబ్ తగిలించాం. ఇలాంటి కేసులో చూడాల్సింది ఇండక్టర్ కరెంటే. అవుట్‌పుట్ వోల్టేజ్ చూస్తే సున్నా అని తప్ప ఏమీ తెలియదు. స్విచ్ నోడ్ చూస్తే పల్సులు సన్నబడ్డాయని తెలుస్తుంది, ప్రొటెక్షన్ పనిచేస్తోందని మోసపోతాం కూడా.

అవుట్‌పుట్‌ని బోర్డు దగ్గరే లావుపాటి తీగతో షార్ట్ చేసి, స్కోప్‌ని సింగిల్ షాట్‌లో పెట్టి పట్టుకున్న వేవ్‌ఫామ్ ఇలా ఉంది. కరెంట్ మొదట ఒక్క ఊపున 5 ఆంపియర్లకు వెళ్లింది. లిమిట్ తగిలింది, స్విచ్ ఆగింది. కరెంట్ కొద్దిగా దిగింది, దిగింది అనడానికి కూడా లేనంత కొద్దిగా. మళ్లీ స్విచ్ ఆన్ అయింది, మళ్లీ ఎక్కింది. అలా ప్రతి సైకిల్‌కీ మెట్లు ఎక్కినట్టు పోతోంది. 7 ఆంపియర్లు దాటాక ఎక్కే గీత తిన్నగా లేదు, మొన దగ్గర పైకి వంగింది. కోర్ సాచురేట్ అవుతోందన్నమాట, అంటే ఇక అయస్కాంతత్వం పట్టక ఇండక్టెన్స్ పడిపోతోంది. ఆ తర్వాత మొనలు ఒకదాన్ని మించి ఒకటి లేచాయి. బోర్డు పోకముందే సప్లై ట్రిప్ అయ్యేలా పెట్టుకున్నాం కాబట్టి అక్కడితో ఆగింది.

లిమిట్ ప్రతి సైకిల్‌లోనూ పనిచేసింది. కరెంట్‌ని లిమిట్‌తో పోల్చే కంపారేటర్ తన పని తాను చేసింది. అయినా కరెంట్ ఆగలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయన్నదే ఈ కేసు మొత్తం.

వోల్ట్-సెకన్ల లెక్క

ఇండక్టర్‌లో కరెంట్ నిలకడగా ఉండాలంటే ఆన్ టైమ్‌లో దాని మీద పడిన వోల్ట్-సెకన్లు, ఆఫ్ టైమ్‌లో తీసేసిన వోల్ట్-సెకన్లు సమానం కావాలి. మామూలుగా ఆఫ్ టైమ్‌లో కరెంట్‌ని దించేది అవుట్‌పుట్ వోల్టేజే. 5 వోల్టులు ఉన్నంతసేపు కాయిల్ చకచకా ఖాళీ అవుతుంది. షార్ట్ అయినప్పుడు ఆ 5 వోల్టులు లేవు. ఇక దించడానికి మిగిలింది డయోడ్ డ్రాప్, కాయిల్ రెసిస్టెన్స్, షార్ట్ దారిలోని రెసిస్టెన్స్. అంతే.

ఎక్కించే వైపు చూద్దాం. స్విచ్ ఆన్ అయిన వెంటనే డయోడ్ కెపాసిటెన్స్ వల్లా, స్విచ్ నోడ్ రింగింగ్ వల్లా కరెంట్ సెన్స్ సిగ్నల్‌లో పెద్ద స్పైక్ వస్తుంది. దాన్ని చూసి లిమిట్ తప్పుగా ట్రిప్ కాకుండా ఐసీ కాసేపు కళ్లు మూసుకుంటుంది. దీన్నే లీడింగ్ ఎడ్జ్ బ్లాంకింగ్ అంటారు. దానికి కంపారేటర్ ఆలస్యం, గేట్ ఆఫ్ అయ్యే ఆలస్యం కలపాలి. మా బోర్డులో అన్నీ కలిసి 200 నానోసెకన్లు. కరెంట్ ఎంత ఎక్కువగా ఉన్నా, స్విచ్ ఒకసారి ఆన్ అయితే 200 నానోసెకన్లకు ముందు ఆగదు.

24 వోల్టులు ఆ 200 నానోసెకన్లలో 4.8 వోల్ట్-మైక్రోసెకన్లు పోస్తాయి. 10 మైక్రోహెన్రీల మీద దాదాపు అర ఆంపియర్. మిగిలిన 1.8 మైక్రోసెకన్లలో 5 ఆంపియర్ల దగ్గర డయోడ్ అర వోల్టు, 50 మిల్లీఓమ్‌ల మొత్తం రెసిస్టెన్స్ మీద పావు వోల్టు. ఈ రెండూ కలిసి తీసేది 1.35 వోల్ట్-మైక్రోసెకన్లే. అంటే 0.135 ఆంపియర్. పోసేది అర ఆంపియర్, తీసేది దాంట్లో మూడో వంతు కూడా కాదు. ప్రతి 2 మైక్రోసెకన్లకూ 0.3 ఆంపియర్‌కు పైగా మిగిలిపోతోంది. 20 సైకిళ్లు, అంటే 40 మైక్రోసెకన్లు గడిచేసరికి కరెంట్ 10 ఆంపియర్లు దాటేస్తుంది.

ఎక్కడ ఆగుతుంది? రెసిస్టెన్స్‌ల మీద డ్రాప్ పెరిగి రెండు వైపులూ సమానమైన చోట. స్విచ్‌లోని 80 మిల్లీఓమ్‌లు, ఎక్కువ కరెంట్‌లో డయోడ్ మీద 0.6 వోల్టు కలుపుకుని వేస్తే 32 ఆంపియర్ల దగ్గర వచ్చింది. ఈ బోర్డులో ఏ పార్టూ అంతదాకా బతకదు.

ఇప్పుడు అదే సమీకరణంలో 2 మీటర్ల కేబుల్ పెట్టాం. 0.35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పోనూ రానూ 4 మీటర్లంటే 0.2 ఓమ్. ఆగే చోటు 7.2 ఆంపియర్లకు వచ్చింది. ఫీల్డ్‌లో జరిగింది ఇదే. బోర్డు ఢామ్మని పేలలేదు, 5 ఆంపియర్ల లిమిట్ ఉన్న బోర్డు 7 ఆంపియర్లకు పైగా నిలకడగా ఇస్తూ కూర్చుంది. మామూలుగా ఒక వాట్ దాకా వేడెక్కే డయోడ్, సైకిల్‌లో 90 శాతం సేపు ఆ కరెంట్ మోస్తూ 4 వాట్ల దగ్గరికి వెళ్లింది. చిన్న ప్యాకేజీలో ఉన్న డయోడ్‌కి అది మరణశిక్షే. డయోడ్ షార్ట్ అయ్యాక పై స్విచ్ నేరుగా 24 వోల్టులను గ్రౌండ్‌కి కలిపింది, అదీ పోయింది, చివరికి ఫ్యూజ్. ఐసీలో థర్మల్ షట్‌డౌన్ లేదా అంటే ఉంది. కానీ అది ఐసీ వేడినే చూస్తుంది. బయట డయోడ్ కాగుతున్న సంగతి దానికి తెలిసే దారి లేదు.

మరి తయారీలో టెస్ట్ ఎలా పాస్ అయింది? ఆ టెస్ట్ 12 వోల్టుల సప్లై మీద, ఇంచుమించు 0.2 ఓమ్ ఉన్న టెస్ట్ లీడ్లతో చేశారు. అదే లెక్క 12 వోల్టులతో వేస్తే, 5 ఆంపియర్ల దగ్గర కావలసిన ఆన్ టైమ్ దాదాపు 290 నానోసెకన్లు వస్తుంది. 200 కన్నా ఎక్కువే కాబట్టి కంపారేటర్‌కి ఆపడానికి వీలు చిక్కింది. కరెంట్ బుద్ధిగా 5 దగ్గర నిలబడింది. టెస్ట్ అబద్ధం చెప్పలేదు. 12 వోల్టులకూ, ఆ లీడ్లకూ నిజమే చెప్పింది. షార్ట్ టెస్ట్ ఎప్పుడు చేసినా గరిష్ఠ ఇన్‌పుట్ వోల్టేజ్ దగ్గర, బోర్డు కనెక్టర్ మీదే, వీలైనంత తక్కువ రెసిస్టెన్స్‌తో చేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. దాని తర్వాత కేబుల్ చివర కూడా చేయాలి, ఎందుకంటే నెమ్మదిగా కాల్చే షార్ట్ అక్కడే ఉంటుంది.

పనికిరాని మందులు, సగం పనికొచ్చిన మందు

“సార్, కాయిల్ 22 మైక్రోహెన్రీ వేస్తే మెట్టు సగమవుతుంది కదా?” అని టీమ్‌లో ఒకరు అడిగారు. మెట్టు చిన్నదవుతుంది, నిజమే. కానీ పైన చెప్పిన సమానత్వంలో ఇండక్టెన్స్ అసలు లేనే లేదు. ఆగే చోటు మారదు, అక్కడికి చేరడానికి పట్టే సమయం మారుతుంది. ఎక్కువ సాచురేషన్ కరెంట్ ఉన్న కాయిల్‌తోనూ అంతే, మొనలు లేవవు గానీ సగటు కరెంట్ అలాగే ఉంటుంది. (అలాగని సాచురేషన్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. కాయిల్ కోర్‌లో వాడే పవర్ ఫెర్రైట్ 25 డిగ్రీల దగ్గర సుమారు 0.49 టెస్లా మోస్తే, 100 డిగ్రీల దగ్గర 0.39 మాత్రమే మోస్తుంది. చల్లటి బోర్డు మీద 6 ఆంపియర్లు తట్టుకున్న కాయిల్ వేడి మీద 5 దగ్గరే చేతులెత్తేయొచ్చు.)

ఫ్రీక్వెన్సీ తగ్గించడం అసలు విషయానికి దగ్గరగా వచ్చే మందు. 150 కిలోహెర్ట్జ్‌కి వస్తే ఆఫ్ టైమ్ 6.5 మైక్రోసెకన్ల దాకా పెరుగుతుంది, పోసేదీ తీసేదీ దాదాపు సరిపోతాయి. పాత తరం రెగ్యులేటర్లు వాడినవాళ్లకు ఈ జబ్బు పెద్దగా తెలియకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. ఎల్‌ఎం2576 నడిచేది 52 కిలోహెర్ట్జ్ దగ్గర, ఎల్‌ఎం2596 నడిచేది 150 దగ్గర. అంత తక్కువలో కూడా ఎల్‌ఎం2596లో కరెంట్ లిమిట్ తగిలితే ఫ్రీక్వెన్సీని రెండు దశల్లో తగ్గించే ఏర్పాటు పెట్టారు. ఆ ఐసీ లిమిట్ 25 డిగ్రీల దగ్గరే 3.6 నుంచి 6.9 ఆంపియర్ల వరకు ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి కాయిల్ ఎంచుకునేవాళ్లు మామూలు విలువ 4.5 చూసి సరిపెట్టుకోకుండా 6.9నే చూడాలి. ఇప్పుడు బోర్డు చిన్నది కావాలని 500 కిలోహెర్ట్జ్, 1 మెగాహెర్ట్జ్, 2 మెగాహెర్ట్జ్ అని పైకి పోతున్నాం. ఆఫ్ టైమ్ కుంచించుకుపోతోంది, బ్లాంకింగ్ మాత్రం ఆ వేగంతో తగ్గట్లేదు. మాకు 150 కిలోహెర్ట్జ్‌కి సరిపడా కాయిల్ పట్టే చోటు లేదు.

ఫ్రీక్వెన్సీ ఫోల్డ్‌బ్యాక్ అంటే మామూలుగా 500లో నడిచి, అవుట్‌పుట్ పడిపోయినప్పుడు మాత్రమే నెమ్మదించడం. అవుట్‌పుట్‌ని ఐసీ గమనించే ఫీడ్‌బ్యాక్ పిన్ వోల్టేజ్ తగ్గిన కొద్దీ ఐసీ తన ఆసిలేటర్‌ని దించుకుంటుంది. పిన్‌కి పిన్ సరిపోయే ఒక ఐసీ దొరికింది, అది నాలుగో వంతుకు దించుతుంది. సైకిల్ 8 మైక్రోసెకన్లు, ఆఫ్ 7.8. బెంచ్ మీద 24 వోల్టుల దగ్గర షార్ట్ చేస్తే కరెంట్ చక్కగా 5 దగ్గర ఆగింది. అందరికీ ఊపిరి పీల్చుకున్నట్టయింది.

నాకు మాత్రం మార్జిన్ మీద నమ్మకం కుదరలేదు. తీసేది 5.85, పోసేది 4.7. చల్లటి డయోడ్‌తో ఇది సరే. షాట్కీ డయోడ్ వేడెక్కితే దాని డ్రాప్ డిగ్రీకి ఒకటి రెండు మిల్లీవోల్టుల చొప్పున పడిపోతుంది. 100 డిగ్రీలు పెరిగితే 0.5 కాస్తా 0.37 దగ్గరికి వస్తుంది. 24 వోల్టుల అడాప్టర్ 28 దాకా పోతుందని స్పెక్‌లోనే ఉంది. ఈ రెండూ కలిస్తే తీసేది 4.84, పోసేది 5.47. బ్యాలెన్స్ మళ్లీ తలకిందులు. వేడి గన్‌తో డయోడ్‌ని కాల్చి, 28 వోల్టులు ఇచ్చి షార్ట్ చేస్తే మెట్లు మళ్లీ కనబడ్డాయి. ఎనిమిదో వంతుకు దించే ఐసీ అయితే ఈ లెక్క సునాయాసంగా గట్టెక్కేది, కానీ దాని పిన్లు వేరు. బోర్డు ఎలాగూ మార్చాల్సి వస్తే అసలు సమస్యనే లేకుండా చేసే పద్ధతి తీసుకుందామని నిర్ణయించాం.

వ్యాలీ లిమిట్, హికప్

సింక్రోనస్ బక్‌లో డయోడ్ చోట కింది మాస్‌ఫెట్ (స్విచ్‌గా పనిచేసే ట్రాన్సిస్టర్, క్లుప్తంగా ఫెట్) ఉంటుంది. ఆఫ్ టైమ్‌లో కరెంట్ దాని గుండానే పోతుంది కాబట్టి అక్కడ కూడా కొలవొచ్చు. వ్యాలీ లిమిట్ అంటే ఇదే: కరెంట్ నిర్ణయించిన అడుగు స్థాయికి, మా విషయంలో 4.5 ఆంపియర్లకు, దిగేదాకా పై స్విచ్‌ని ఆన్ చేయనివ్వరు. క్లాక్ వచ్చినా సరే, ఆగాల్సిందే.

దీని అందం ఏమిటంటే బ్లాంకింగ్ ఎంత ఉన్నా ఫర్వాలేదు. 200 నానోసెకన్లలో అర ఆంపియర్ ఎక్కితే ఎక్కనీ, అది దిగాకే తర్వాతి పల్స్. షార్ట్‌లో 20 మిల్లీఓమ్‌ల కింది ఫెట్ మీద, మిగతా దారిలో కలిపి 0.35 వోల్టే ఉంటుంది, దిగడానికి 14 మైక్రోసెకన్ల దాకా పడుతుంది. అప్పుడు ఫ్రీక్వెన్సీ దానంతటదే పడిపోతుంది. ఎవరూ నాలుగో వంతా, ఎనిమిదో వంతా అని ముందుగా ఊహించి పెట్టనక్కర్లేదు. వేడి, ఇన్‌పుట్ వోల్టేజ్, కేబుల్ ఏది మారినా బ్యాలెన్స్ తనను తాను సర్దుకుంటుంది. నేను ఇప్పుడు ఐసీ ఎంచుకునేటప్పుడు డేటాషీట్‌లో మొదట వెతికేది కింది వైపు కరెంట్ లిమిట్ ఉందా అన్నదే.

కరెంట్ అదుపులోకి వచ్చింది. వేడి సంగతి చూసుకోవాలి. 5 ఆంపియర్లు గంటల తరబడి షార్ట్‌లోకి పోతే కేబుల్ ఇన్సులేషన్‌కి మంచిది కాదు. అందుకే హికప్. లిమిట్ ఒక మిల్లీసెకను పాటు తగులుతూనే ఉంటే ఐసీ పూర్తిగా ఆగి, 33 మిల్లీసెకన్లు విశ్రాంతి తీసుకుని, మళ్లీ సాఫ్ట్ స్టార్ట్‌తో, అంటే అవుట్‌పుట్‌ని మెల్లగా పెంచుతూ, ప్రయత్నిస్తుంది. షార్ట్ తీసేస్తే ఎవరూ పవర్ ఆఫ్, ఆన్ చేయకుండానే బోర్డు లేస్తుంది. ఒకసారి ట్రిప్ అయితే అలాగే ఉండిపోయే లాచ్ పద్ధతి కూడా ఉంది గానీ, మనిషి దగ్గర లేని చోట బిగించే యూనిట్‌కి అది పనికిరాదు.

హికప్‌ని ఏది ట్రిగ్గర్ చేస్తుందన్నది చదివి తెలుసుకోవాలి. కొన్ని ఐసీల్లో ఫీడ్‌బ్యాక్ వోల్టేజ్ బాగా పడిపోతేనే, ఉదాహరణకు మామూలులో 60 శాతం కన్నా దిగితేనే, హికప్ మొదలవుతుంది. అప్పుడు 0.9 ఓమ్ లోడ్ పడిందనుకోండి. అవుట్‌పుట్ 4.3 వోల్టులకు జారి, లిమిట్ మీదే నిలబడి, హికప్ లేకుండా ఎంతసేపైనా నడుస్తుంది. పూర్తి షార్ట్ కన్నా ఈ సగం షార్టే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది. అందుకే లిమిట్ తగిలిన సమయాన్ని లెక్కపెట్టే ఐసీనే ఎంచుకున్నాం.

కొత్త బోర్డు స్టార్ట్ కాలేదు

కొత్త బోర్డు బెంచ్ మీద అన్ని షార్ట్ టెస్టులూ దాటింది. అసలు సెన్సర్ యూనిట్లు తగిలించగానే మొండికేసింది. అవుట్‌పుట్ 2.5 వోల్టుల దాకా లేచి, చతికిలబడి, కాసేపటికి మళ్లీ లేచి, మళ్లీ పడుతోంది.

యూనిట్లన్నిటిలోని కెపాసిటర్లు కలిపితే 4700 మైక్రోఫారడ్లు ఉన్నాయి. ఐసీ సాఫ్ట్ స్టార్ట్ 2 మిల్లీసెకన్లు. అంత కెపాసిటర్‌ని అంతలో 5 వోల్టులకు తేవాలంటే దాదాపు 12 ఆంపియర్లు కావాలి. లిమిట్ దానికి 4.75 దగ్గర అడ్డుపడుతుంది, అందులో లోడ్ 0.8 తినేస్తుంది. ఈ ఐసీలో సాఫ్ట్ స్టార్ట్ నడిచినంతసేపు హికప్ లెక్క మొదలవదు. 2 మిల్లీసెకన్లు ముగిశాక ఇంకో మిల్లీసెకను గడిచేసరికి ఐసీకి ఇది షార్ట్‌లాగే కనబడి ఆపేస్తోంది. ఐసీ చేసింది సరైనదే, ఖాళీ కెపాసిటర్‌కీ షార్ట్‌కీ తేడా దానికి తెలియదు.

సాఫ్ట్ స్టార్ట్‌ని 10 మిల్లీసెకన్లకు పెంచాం. ఛార్జింగ్ కరెంట్ 2.35, లోడ్‌తో కలిపి 3.15. లిమిట్ తగలకుండానే లేచింది. కానీ దీనికి మూల్యం ఉంది. షార్ట్ ఉన్నప్పుడు కూడా ప్రతి ప్రయత్నంలో ఆ 10 మిల్లీసెకన్లూ కరెంట్ లిమిట్ దగ్గరే పారుతుంది. అంటే 44 మిల్లీసెకన్లలో 11, పావు వంతు సమయం. సగటు దాదాపు 1.2 ఆంపియర్లు. కింది ఫెట్‌లో 0.11 వాట్, కాయిల్‌లో 0.17 వాట్, కాబట్టి మాకు నష్టం లేదు. ఎవరైనా ఇంకా పెద్ద కెపాసిటర్ల కోసం సాఫ్ట్ స్టార్ట్‌ని 50 మిల్లీసెకన్లకు లాగితే, హికప్ పేరుకే మిగులుతుంది. ఈ రెండిటినీ కలిపే లెక్కించాలి.

ఇంకొకటి కేబుల్ చివర షార్ట్ చేసినప్పుడు బయటపడింది. 2 మీటర్ల కేబుల్‌కి 2 మైక్రోహెన్రీల దాకా ఇండక్టెన్స్ ఉంటుంది. బోర్డు మీద ఉన్నవి సిరామిక్ కెపాసిటర్లు మాత్రమే, మీద పడే డీసీ వోల్టేజ్ వల్ల తగ్గేది పోగా 30 మైక్రోఫారడ్లు. షార్ట్ పడగానే ఆ రెండూ కలిసి రింగ్ అయ్యి అవుట్‌పుట్‌ని సున్నా కిందికి, మైనస్ 1.4 వోల్టుల దాకా లాగాయి. ఫీడ్‌బ్యాక్ పిన్ డివైడర్‌లో అది మైనస్ 0.22 అయింది, పై రెసిస్టర్‌కి సమాంతరంగా ఉన్న 1 నానోఫారడ్ ఫీడ్‌ఫార్వర్డ్ కెపాసిటర్ దాన్ని ఇంకా కిందికి తోసింది. పిన్ తట్టుకునేది మైనస్ 0.3 వరకే. సిరామిక్‌లకు తోడు 220 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ ఒకటి పెట్టేసరికి, కేబుల్ రెసిస్టెన్స్‌కి దాని ఈఎస్‌ఆర్ (లోపలి రెసిస్టెన్స్) కూడా కలిసి రింగింగ్ పూర్తిగా సద్దుమణిగింది. ఫీడ్‌ఫార్వర్డ్ విలువ కూడా తగ్గించాం.

ఇక్కడ చెప్పినదంతా బక్‌కే వర్తిస్తుంది. బూస్ట్‌లో ఇన్‌పుట్ నుంచి కాయిల్, డయోడ్ గుండా అవుట్‌పుట్‌కి నేరుగా దారి ఉంటుంది. స్విచ్ ఆపేసినా షార్ట్ కరెంట్ ఆగదు, విడిగా లోడ్ స్విచ్‌తో గానీ ఫ్యూజ్‌తో గానీ తెంచాల్సిందే.

చివరగా మిగిలింది, ఏ కరెంట్ లిమిట్టూ కాపాడలేని స్థితి. పై ఫెట్ తానే షార్ట్ అయిపోతే 24 వోల్టులు కాయిల్ గుండా 5 వోల్టుల లైన్ మీదికి వస్తాయి. లిమిట్ ఆపాల్సిన స్విచ్చే అప్పుడు ఉండదు. 5 వోల్టుల టీవీఎస్ (అధిక వోల్టేజ్‌ని అడ్డుకునే డయోడ్) ఒకటి పెడితే చాలదా అనిపిస్తుంది. ఎస్‌ఎంబీజే5.0ఏ లాంటిది తన పూర్తి సర్జ్ కరెంట్ దగ్గర 9.2 వోల్టుల దాకా పోనిస్తుంది, సెన్సర్ యూనిట్లలోని చిప్‌లకు అది చాలా ఎక్కువ. అందుకని 6.2 వోల్టుల దగ్గర ఆన్ అయ్యి లైన్‌ని గ్రౌండ్‌కి షార్ట్ చేసి ఫ్యూజ్ ఎగిరేలా చేసే ఎస్‌సీఆర్ క్రోబార్ పెట్టాం, ఇన్‌పుట్‌లో 2.5 ఆంపియర్ల ఫ్యూజ్. 12 వోల్టుల దగ్గర ఫుల్ లోడ్‌లో ఇన్‌పుట్ 1.4 ఆంపియర్లు మాత్రమే, హికప్‌లో అంతకన్నా బాగా తక్కువ. కాబట్టి మామూలు షార్ట్‌కి ఈ ఫ్యూజ్ పోదు. అది పోయిన బోర్డు వర్క్‌షాప్‌కి వస్తే, ఫ్యూజ్ మార్చి తిరిగి ఆన్ చేయకుండా ముందు పై ఫెట్‌ని కొలవమని సర్వీస్ షీట్‌లో మొదటి లైన్‌గా రాశాం.